మస్టర్డ్ చొక్కా నుంచి బాటిల్ గ్రీన్ బంద్‌గలా దాకా: ఒక పెళ్ళికొడుకు కేసు

కర్నూలు పాత ఊళ్ళో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్ళేంత దూరంలో నాకు జెంట్స్ టైలరింగ్ షాపు ఉంది. కత్తెర పట్టి 23 ఏళ్ళయింది. ఏడెనిమిదేళ్ళుగా కుట్టుతో పాటు, ఎవరి ఛాయకు ఏ రంగు నప్పుతుందో చూసి చెప్పే పని కూడా చేస్తున్నాను. ప్రతి కస్టమరుకూ నోటుబుక్కులో ఒక పేజీ ఉంటుంది. పైన కొలతలు, కింద రంగుల సంగతి. ఈ కేసుకు మాత్రం నాలుగు పేజీలు పట్టాయి. మొదటి పేజీలో నేను రాసింది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేశానో వివరంగా రాస్తున్నాను. ఈ పని చేసే మిగతా మాస్టర్లకూ, సొంతంగా రంగులు ఎంచుకునే మగవాళ్ళకూ ఉపయోగపడాలని నా కోరిక.

అబ్బాయి వయసు 31. డ్రిప్ ఇరిగేషన్ కంపెనీలో ఫీల్డ్ పని. పత్తికొండ, దేవనకొండ, ఆలూరు వైపు రోజంతా బండి మీద తిరుగుతాడు. బండి మీద హెల్మెట్ ఉంటుంది గానీ పొలం గట్టున రైతుతో గంటసేపు నిలబడినప్పుడు తల మీద ఏమీ ఉండదు. ఛాతీ 38, భుజం పదిహేడున్నర, దట్టమైన నల్లజుట్టు, పొద్దున గీసినా సాయంత్రానికి పైకి తేలే గడ్డం. ఇంట్లో వాళ్ళు అతన్ని ‘నలుపు’ అంటారు. నేను పేజీలో ‘చామనచాయ’ అని రాసుకున్నాను.

మొదటిసారి వాళ్ళ అక్కతో కలిసి వచ్చాడు. రాత్రి ఏడు దాటింది. నిశ్చితార్థం ఇంకో వారమే ఉంది. “అన్నా, మావోడు కొంచెం తెల్లగా కనబడే రంగు ఏదన్నా చెప్పన్నా” అంది ఆమె. షాపులో రద్దీగా ఉంది. అతని మణికట్టు తిప్పి, ట్యూబ్‌లైటు కింద నరాలు చూశాను. పచ్చగా కనిపించాయి. నరాలు పచ్చగా ఉంటే చర్మం అడుగు ఛాయ పసుపు వైపు, నీలంగా ఉంటే గులాబీ వైపు అని అందరూ చెప్పుకునే లెక్క ఉంది కదా, దాన్నే నమ్మాను. పసుపు వైపు ఛాయకు మస్టర్డ్, కాఫీ, ఇటుక రంగులు బాగుంటాయని చెప్పి, మస్టర్డ్ కలర్ షర్ట్ బిట్ కోశాను. మొత్తం పది నిమిషాల్లో అయిపోయింది.

నిశ్చితార్థం అయిన రెండో రోజు అక్క, అమ్మ ఇద్దరూ వచ్చారు. అక్క ఫోన్లో ఫొటోలు చూపించింది. ఆ పెద్దామె మాత్రం ఒక్క మాటే అంది. “కామెర్లొచ్చినోని మాదిరి ఉండాడు సామీ నా కొడుకు.” నిజంగానే అలా ఉన్నాడు. దవడ కింద పసుపు, గడ్డం ఉన్న చోట పచ్చదనం, కళ్ళ కింద గుంటలు. పైగా ఫొటోగ్రాఫర్ మొహాన్ని తెల్లగా చేయడంతో మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అయ్యాయి. చొక్కా డబ్బులు తిరిగిచ్చేసి, రిసెప్షన్ బట్టలకు అబ్బాయిని పొద్దున పదింటికి, గడ్డం గీసుకొని రమ్మన్నాను. అక్క ఆగి, ఎవరో చెప్పారని ఒక క్రీము ట్యూబు కొన్నామంది. దాని మీద పేరు తప్ప లోపల ఏముందో సరిగా రాయలేదు. తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, అది చర్మాన్ని పలచబరుస్తుంది. చర్మం డాక్టరుకు చూపించకుండా పూయొద్దని గట్టిగా చెప్పాను.

రెండోసారి పరీక్ష షాపు లోపల చేయలేదు. మా షాపు వాకిలి ఉత్తరం వైపు ఉంటుంది. పదింటికి అక్కడ నేరుగా ఎండ పడదు, వెలుతురు మాత్రం నిండుగా ఉంటుంది. స్టూలు వేసి కూర్చోబెట్టి, వేసుకున్న చొక్కా కనబడకుండా భుజాల మీద తెల్లగుడ్డ కప్పాను. ఆ తర్వాత మొదట చూసింది మొహం కాదు, పై చేయి లోపలి వైపు, చంకకు దగ్గరగా ఉండే చోటు. మన ప్రాంతంలో ఇది తప్పనిసరి అని ఇప్పుడు నా అభిప్రాయం. మొహం, ముంజేతులు ఎండకు మారిపోయి ఉంటాయి. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఎండ తగిలేకొద్దీ పెరుగుతుంది, ఎండకు దూరంగా ఉంటే వారాలు, నెలలు పట్టి తగ్గుతుంది. పై చేయి లోపలి వైపుకు జీవితంలో ఎండ తగిలేది చాలా తక్కువ. పుట్టుకతో వచ్చిన ఛాయ అక్కడే దొరుకుతుంది.

అక్కడ కనిపించింది పసుపూ కాదు, గులాబీ కూడా కాదు. నానబెట్టిన పెసరపప్పులో కనబడేలాంటి లేత పచ్చదనం, దాని మీద పలచని బూడిద పొర. దీన్ని ఆలివ్ అండర్‌టోన్ అంటారు. మన వాళ్ళలో ఇది చాలా మందికి ఉంటుంది, గుర్తించేవాళ్ళు తక్కువ. అతని మొహం మీద మాత్రం ఎండ వల్ల వచ్చిన రాగి రంగు ఉంది. నుదురు, కణతలు ముదురుగా, బుగ్గలు కాస్త లేతగా ఉన్నాయి. అంటే అడుగున పచ్చ, పైన రాగి. ట్యూబ్‌లైటు కింద ఆ రెండూ కలిసి నాకు పసుపుగా కనిపించాయి.

ఇక నరాల లెక్క. నరంలో ఉండేది ముదురు ఎర్రటి రక్తమే. అది నీలంగా కనబడుతుందా, పచ్చగా కనబడుతుందా అన్నది నరం ఎంత లోతులో ఉంది, పైన చర్మం ఎంత మందం, ఏ రంగు అన్న దాని మీద ఉంటుంది. గోధుమ రంగు చర్మంలో చాలా మందికి పచ్చగానే కనిపిస్తుంది, ముదురు చర్మంలో చాలాసార్లు సరిగా కనబడదు. ఇలాంటి పరీక్షలు తెల్ల చర్మాల దగ్గర పుట్టినవి. 1975లో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు ఎండకు కందే తీరును బట్టి చర్మాలను తరగతులుగా విడదీశాడు. అందులో కూడా మొదట తెల్ల చర్మాలకే చోటు, గోధుమ, నల్ల చర్మాల తరగతులు తర్వాత చేర్చారు. మనుషులను వసంతం, శరత్తు అంటూ నాలుగు రుతువులుగా విడదీసే పద్ధతికీ ఇదే ఇబ్బంది. అది జుట్టు, కళ్ళ రంగుల తేడాల మీద ఆధారపడుతుంది. కర్నూలులో నా దగ్గరికొచ్చే మగవాళ్ళలో దాదాపు అందరికీ నల్లజుట్టు, ముదురు కళ్ళే. ఆ లెక్కలో అందరూ ఒకే గంపలో పడతారు.

అందుకే నేను గుడ్డలతోనే చూస్తాను. మూరెడు మూరెడు సాదా గుడ్డ ముక్కలు, మెరుపు లేనివి, ఒక్కొక్కటి గడ్డం కింద పట్టాలి. కళ్ళు గుడ్డ మీదికి పోకూడదు. చూడాల్సింది కళ్ళ కింద నీడ, ముక్కు పక్క గీత, పెదవుల రంగు, కంటి తెలుపు, దవడ అంచు. గుడ్డ మారినప్పుడల్లా వీటిలో ఏం మారిందో రాసుకోవాలి. ఫోన్ కెమెరా అస్సలు వాడను. ఎదురుగా ఉన్న రంగును బట్టి ఫోన్ తనంతట తాను రంగులు సర్దుకుంటుంది, దాని మీద బ్యూటీ మోడ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పెద్ద అద్దం పెడితే చాలు.

గంధం రంగు పెట్టగానే దవడ అంచు గుడ్డలో కలిసిపోయి, కళ్ళ కింద నలుపు పెరిగింది. లేత బూడిద రంగుకు మొహం మీద విభూతి రాసినట్టయింది, ఆ రోజు అన్నింటికంటే పాడుగా వచ్చింది అదే. కాఫీ రంగు అతని నుదుటి రంగుకు మరీ దగ్గర, మొహం ఎక్కడ ఆగి చొక్కా ఎక్కడ మొదలైందో తెలియలేదు. మిరపపండు ఎరుపుకు నుదుటి మీద ఎండ మచ్చలు లేచాయి. అదే ఎరుపు కాస్త నేరేడు వైపు వెళ్ళి వైన్ కలర్ అయ్యేసరికి మచ్చలు సద్దుమణిగాయి. నేవీ బ్లూ బాగుంది. రామా గ్రీన్ బాగుంది.

తెలుపు దగ్గర కాసేపు ఆగాను. బ్లీచ్ చేసిన గట్టి తెలుపు పెట్టగానే అక్క “వద్దన్నా, ఇంకా నల్లగా కనబడతాండాడు” అంది. ఆమె చెప్పింది నిజమే. తెలుపు పక్కన అతని ఛాయ ముదురుగానే కనిపించింది. కానీ కంటి తెలుపు స్పష్టమైంది, దవడ గీత గీసినట్టు తేలింది, కళ్ళ కింద నీడ తగ్గింది. నేను ఆమెను అద్దం దగ్గరికి పిలిచి గంధం రంగు, తెలుపు మార్చి మార్చి మూడుసార్లు చూపించాను. నల్లగా కనబడటం వేరక్కా, వాడిపోయినట్టు కనబడటం వేరు అని చెప్పాను. మా షాపుకొచ్చే పది మందిలో ఎనిమిది మంది అడిగేది తెల్లగా కనబడే రంగు. మనిషిని తెల్లగా చేసే గుడ్డ ఏ తానులోనూ లేదు. లేత రంగు వేస్తే తెల్లబడతామని నమ్మి, ఏళ్ళ తరబడి తమకు నప్పని గంధం, బిస్కెట్ రంగుల్లోనే తిరిగే వాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఆమె మూడోసారి చూసి మాట్లాడలేదు, తలూపింది.

అప్పుడు బాటిల్ గ్రీన్ తీశాను. నాకే నమ్మకం లేదు. ఛాయలో పచ్చ ఉన్నవాడికి పచ్చ పెడితే మరింత పచ్చబడాలి కదా. చిలకపచ్చ పెడితే సరిగ్గా అదే జరిగింది, గడ్డం కింద మొత్తం పచ్చబారింది. బాటిల్ గ్రీన్‌కు మాత్రం మొహంలోకి రక్తం వచ్చినట్టయింది. రాగి రంగు పైకి తేలింది, పెదవులకు రంగొచ్చింది.

దీనికి కారణం ఉంది, రంగులతో పని చేసే వాళ్ళందరికీ ఇది తెలిసి ఉండాలి. గడ్డం కింద ఉన్న గుడ్డ మొహం మీద రెండు రకాలుగా పని చేస్తుంది. ఒకటి, గుడ్డ మీద పడిన వెలుతురు దాని రంగును మోసుకొని దవడ మీదికి ఎగబాకుతుంది. పసుపు గోడ పక్కన తెల్లపంచె ఆరేస్తే పంచెకు పసుపు పడినట్టు. లేత రంగులు, నిగనిగలాడే రంగులు ఇలా ఎక్కువ చేస్తాయి, ముదురు రంగులు వెలుతురును మింగేస్తాయి. రెండోది మన కంటిలో జరుగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు రంగుల్లో ఒకటి రెండోదాన్ని తనకు ఎదురు రంగు వైపు నెడుతుంది. 19వ శతాబ్దంలో ప్యారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం పనికి మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పెద్దగా ఉండేవాడు. నల్లదారం సరిగా నల్లగా రావడం లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి, అద్దకంలో లోపం లేదు, పక్కన నేసిన రంగుల వల్లే ఆ నలుపు వెలిసినట్టు కనబడుతోందని తేల్చాడు. 1839లో దాన్నంతా పుస్తకంగా వేశాడు. పచ్చకు ఎదురు రంగు ఎరుపు. బాటిల్ గ్రీన్ ముదురు కాబట్టి పచ్చని వెలుతురు దవడ మీదికి రాలేదు, కానీ పక్కనుండి మొహాన్ని ఎరుపు వైపు నెట్టింది. చిలకపచ్చ లేత కాబట్టి మొదటి పని ఎక్కువైపోయింది. నా మస్టర్డ్ చొక్కా చేసింది కూడా ఇదే, పసుపును దవడ మీదికి ఎక్కించింది. కింద ఆలివ్ ఛాయ, పైన సాయంత్రం గడ్డం, రెండూ కలిసి కామెర్ల రంగు అయింది.

ఇంట్లో వాళ్ళను ఒప్పించడం మాత్రం ఇంత తేలిక కాలేదు. ముహూర్తానికి మధుపర్కాలు, వాటి రంగు మన చేతిలో లేదు, ఉండకూడదు కూడా. తెల్లబట్ట అతనికి నప్పుతుందని ముందే చూశాం కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. సమస్యంతా రిసెప్షన్‌దే. పెళ్ళికొడుకంటే గంధం రంగు షేర్వాణీయే అని తల్లి పట్టు. “పచ్చ కోటు ఎవురన్నా ఏసుకుంటారా నాయనా?” అని ఆమె అడిగింది. పెళ్ళికూతురు ఆ రాత్రి కట్టుకునే చీర ఏదని నేనడిగాను. ధర్మవరం పట్టు, దానిమ్మ ఎరుపు బాడీ, ముదురు పచ్చ అంచు. ఆ చీర ఫొటో పక్కన బాటిల్ గ్రీన్ గుడ్డ పెట్టాను. అంచు రంగు, కోటు రంగు ఒకే ఇంటివిగా కనిపించాయి. ఎరుపు, పచ్చ మన చీరల్లో తరతరాలుగా ఉన్న జోడీ. జంటకు మ్యాచింగ్ అంటే అందరూ చీర బాడీ రంగునే మగవాడి ఒంటి మీదికి తెస్తారు. అంచు రంగు తెస్తే ఇద్దరూ కలుస్తారు, ఒకరి మొహం కోసం ఇంకొకరి మొహం పాడు కాదు. తల్లి చీర వంక చాలాసేపు చూసి “సరేలే, కుట్టు” అంది.

కుట్టే ముందు ఇంకో పని మిగిలింది. రిసెప్షన్ రాత్రి, ఫంక్షన్ హాల్లో. పగటి వెలుతురులో చూసిన రంగు అక్కడ అలాగే ఉండదు. బట్టల పరిశ్రమలో రంగు సరిపోల్చడానికి డి65 అనే పగటి వెలుతురు లైటు వాడతారు, అది 6500 కెల్విన్. కెల్విన్ అంటే లైటు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు వెళ్తుంది. ఫంక్షన్ హాలు పసుపు లైట్లు 3000 కెల్విన్ దగ్గర ఉంటాయి. పసుపు లైటులో ఎరుపులు మండుతాయి, నీలాలు చచ్చిపోతాయి. అందుకే ఒక సాయంత్రం నంద్యాల రోడ్డులోని ఆ హాలుకు మూడు గుడ్డ ముక్కలు పట్టుకొని వెళ్ళాను. నేవీ పూర్తిగా నలుపైపోయింది. నేను ఎంచుకున్న బాటిల్ గ్రీన్ కూడా దాదాపు నలుపే. శాంపిల్ బుక్కులో దానికంటే ఒక మెట్టు తక్కువ ముదురు ఉన్న పచ్చ మాత్రం పచ్చగానే నిలిచింది. దాన్నే తెప్పించాను.

58 అంగుళాల పన్నాలో రెండు మీటర్లు, టెర్రీవూల్, మెరుపు లేనిది. జరీ జాకార్డ్ వద్దన్నాను. స్టేజీ లైట్లకు గుడ్డ మెరిసి, చెమట పట్టిన మొహం మెరిసి, రెండూ పోటీ పడతాయి. బంద్‌గలా అంటే మెడ దాకా బటన్లు పెట్టే కోటు, కాలరు గడ్డానికి ఆనుకొని ఉంటుంది కాబట్టి దాని రంగు మామూలు సూటు కంటే ఎక్కువ పని చేస్తుంది. సూటులో మధ్యన చొక్కా ఉండి కాపాడుతుంది, బంద్‌గలాలో కాపాడేదేమీ లేదు. అందుకని కాలరు లోపల తెల్లపట్టీ వేసి, పావు అంగుళం బయటికి కనబడనిచ్చాను. బటన్లు బంగారం, వెండి రెండూ పెట్టి చూశాం, రెండూ అతనికి ఒకేలా ఉన్నాయి. ఆలివ్ ఛాయల్లో ఇలా తరచూ జరుగుతుంది. మాసిన రాగి రంగు బటన్లు కుట్టాను. జేబు రుమాలు దానిమ్మ ఎరుపు.

ట్రయల్ రోజు మెడ కొలత మళ్ళీ తీసేటప్పుడు అతని మెడ వెనుక చూశాను, శుభ్రంగానే ఉంది. ఈ పని చేసే వాళ్ళం రోజూ ఎన్నో మెడలు చూస్తాం. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ లాగా ఉంటే చాలా మంది మురికి అనుకొని రుద్దుతారు, లేదా కాలరు ఎత్తుగా పెట్టమంటారు. అది షుగరు రాబోతోందని శరీరం చెప్పే గుర్తు కావచ్చు. నేను కాలరు సంగతి పక్కన పెట్టి, రక్తపరీక్ష చేయించుకొమ్మని చెబుతాను. అలాగే మొహంతో పాటు కంటి తెలుపు కూడా పసుపుగా ఉంటే అది గుడ్డల వ్యవహారం కాదు, ఆసుపత్రి వ్యవహారం.

రిసెప్షన్‌కు నన్నూ పిలిచారు. స్టేజీ మీద కోటు పచ్చగానే ఉంది, మొహం నిండుగా ఉంది. ఫొటోగ్రాఫరును ఈసారి మొహం తెల్లగా చేయొద్దని అబ్బాయే అడిగాడట. అన్నీ కుదిరాయని చెప్పను. హాలు వాళ్ళు వెనక డెకరేషన్‌కు ఊదా రంగు లైట్లు పెట్టారు, కొన్ని ఫొటోల్లో కోటు ఒక పక్క నల్లబడింది. డెకరేషన్ లైట్ల రంగు ముందే అడగాలని నా పేజీలో రాసుకున్నాను. అక్క ఆల్బమ్ చూసి “వీడు వీని మాదిరే ఉండాడన్నా” అంది.

మూడు నెలల తర్వాత భార్యతో కలిసి ఆఫీసు చొక్కాలకు వచ్చాడు. పై చేయి మళ్ళీ చూశాను, ఏమీ మారలేదు. మొహం మాత్రం ఎండ తగ్గి ఒక మెట్టు లేతబడింది, నుదురు, బుగ్గల తేడా తగ్గింది. కాఫీ రంగు అప్పుడు కలిసిపోయింది కదా, ఇప్పుడు పర్వాలేదనిపించింది. కానీ మళ్ళీ ఎండలు ముదిరితే కలిసిపోతుంది కాబట్టి కోయలేదు. రామా గ్రీన్, నేవీ, వైన్ మూడు బిట్లు తీశాం. రేగడి దుమ్ము నేవీ మీద బాగా కనబడుతుందని, ఆఫీసు మీటింగులకు మాత్రం అది ఉంచుకొమ్మన్నాను. అంతలో ఆ అమ్మాయి అరలోంచి లేత బూడిద రంగు బిట్ ఒకటి తీసింది. ఆమెకు ఆ రంగు ఇష్టమట. నేను ఏమీ చెప్పకుండా ఇద్దరినీ వాకిట్లోకి తీసుకెళ్ళి, ఆమె చేతికే గుడ్డ ఇచ్చి అతని గడ్డం కింద పట్టమన్నాను. ఆమె అతని మొహం చూసింది, వైన్ కలర్ అడిగి తీసుకొని పట్టి చూసింది, మళ్ళీ బూడిద రంగు పట్టింది. తర్వాత దాన్ని మడిచి, తీసిన అరలోనే పెట్టేసింది.